లెక్కలోకి రాని దుమ్ము

నా చిన్నప్పుడు, ఒక మధ్యాహ్నం మా కంకర మిషన్ ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలోనే నాకు మొదటిసారి భయమేసింది. అంతవరకు ఆ చప్పుడు కింద దాగి ఉన్న తమ్ముడి దగ్గు ఒక్కసారిగా ఇల్లంతా వినిపించింది. వాడు ఎన్నాళ్ళ నుంచి అలా దగ్గుతున్నాడో మాలో ఎవరికీ తెలియదు.

అప్పుడు మేము కాజీపేట దాటాక ఒక గుట్ట కింద ఉండేవాళ్ళం. బండరాయిని కంకరగా కొట్టే మిషన్ మా నాన్నదే. అద్దె మిగులుతుందని దాని పక్కనే రెండు గదుల రేకుల ఇల్లు వేయించాడు. పనివాళ్ళ గుడిసెలూ అక్కడే. ఆ చోటు ఇప్పటికీ నా కలల్లోకి వస్తుంది. తుమ్మచెట్లు, మేకలు, ఆరేసిన చీరలు, మనుషుల కనురెప్పలు, అన్నీ లేత బూడిద రంగులో ఉంటాయి. పొద్దుటి ఎండ ఆ దుమ్ములోంచి పాలలా జారేది. నేను దాన్ని మంచు అనుకునేదాన్ని. తమ్ముడూ నేనూ అందులోకి పరుగెత్తి మాయమయ్యే ఆట ఆడుకునేవాళ్ళం.

ఆ రోజు తెగింది మిషన్ బెల్టు. అందరూ అటు ఉరికారు. మా బాపమ్మ, నాన్నను కన్నతల్లి, ఒక్కతే ఇటు వచ్చింది. తమ్ముణ్ణి ఒళ్ళో బోర్లా పడుకోబెట్టుకుని, వీపుకు చెవి ఆనించి చాలాసేపు విన్నది.

బెల్టు అతికించి మిషన్ మళ్ళీ నడిపాక, నాన్న అరుగు మీద సుద్దముక్కతో లెక్క మొదలుపెట్టాడు. రోడ్డు కాంట్రాక్టరుకు మరునాడు కంకర రేటు చెప్పాలి. డీజిలు, కూలి, లారీ కిరాయి, రాయిని నమిలి నమిలి అరిగిపోయే ఇనుప దవడలు, ఇప్పుడు కొత్తగా బెల్టు. దుమ్ము లేవకుండా మిషన్ నోటి దగ్గర నీళ్ళు చల్లించమని బాపమ్మ ఎండాకాలం నుంచీ అంటూనే ఉంది. ఆ సాయంత్రం మళ్ళీ అంది.

"నీళ్ళ బండి కిరాయి ఎవడిస్తడే అవ్వా? రేటు పెంచితే ఆర్డరు ఇంకొకనికి పోతది. దుమ్ము ఏమన్న డీజిలు తాగుతాందా?" అన్నాడు నాన్న.

బాపమ్మ వండిన అన్నం గిన్నె తెచ్చి, మిషన్ వైపున్న అరుగు చివర పెట్టి మూత తీసేసింది. మరిచిపోయిందేమోనని నేను మూత వేయబోతే కళ్ళతోనే వద్దంది.

పని ఆగాక ఆ గిన్నెలోంచే నాన్నకు వడ్డించింది. మొదటి ముద్దకే పంటి కింద కరకరమంది.

"బియ్యం ఏరలేదానే?"

"మంచిగనే ఏరిన కొడుకా. గది నీ మిషన్ ఖర్చు. నీ లెక్కల పట్టక పళ్ళెంలకొచ్చింది."

నాన్న నవ్వబోయాడు. లోపల తమ్ముడు దగ్గాడు.

"వాడు రోజూ గిదే తింటాండు. ముక్కుతోని," అంది బాపమ్మ.

నాన్న ముద్ద ఉమ్మలేదు. నమిలి మింగి, చెయ్యి కడుక్కుని, లెక్కంతా తడిగుడ్డతో తుడిచేశాడు.

"మనం పట్నంల ఇల్లు కిరాయికి తీసుకుందాం. అదిగూడ రాస్త," అన్నాడు మెల్లగా.

"మనం పోతం, సరే. గుడిసెలల్ల పోరగాండ్లు యాడికి పోతరు? నీళ్ళు రాయి ముందుగాల."

అన్నిటికంటే పైన నీళ్ళు రాశాడు నాన్న.

కాంట్రాక్టరు బేరమాడి, సగం కంకర ఇంకొకరి దగ్గర తీసుకున్నాడు. ఆ ఏడు మాకు కొత్త బట్టలు లేవు, పట్నంలో ఇల్లూ లేదు. కానీ మిషన్ నోటి మీద ఒక పీపా, దానికి చిల్లుల గొట్టం వచ్చాయి. ఆ తుంపర్లలో సాయంత్రాలు చిన్న ఇంద్రధనుస్సు నిలిచేది. తుమ్మచెట్టు ఆకులు ఆకుపచ్చగా ఉంటాయని నేను వానాకాలం కాని రోజుల్లో చూడటం అదే మొదలు. తమ్ముడి దగ్గు తగ్గింది గానీ పూర్తిగా వదల్లేదు. ఇప్పటికీ మెట్లెక్కుతూ మధ్యలో ఆగి, ఏదో చూస్తున్నట్టు అటూ ఇటూ తల తిప్పుతాడు.

ఇప్పుడు పట్నంలో, సుబేదారిలోని మా ఇంట్లో నేను కుట్టుమిషన్ తొక్కుతాను. చుట్టుపక్కల వాళ్ళ జాకెట్లు, పిల్లల గౌన్లు. మధ్యమధ్యలో ఊరికే చక్రం ఆపి, పిల్లలున్న గదివైపు చెవి పెడతాను. అంత భయమేమిటని మా ఆయన నవ్వుతాడు. నిన్న రాత్రి పిల్లలు పడుకున్నాక ఇదంతా రాసుకున్నాను. పొద్దున లేవగానే ఇద్దరినీ దగ్గర కూచోబెట్టుకున్నాను.

"నా మిషన్ నడుస్తాంటే మీ మాట నాకు వినబడది బిడ్డా. ఏదన్న ఉంటే వచ్చి నా చెయ్యి పట్టుకోండ్రి. ఆపుత," అని చెప్పాను.

చిన్నవాడు నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆకలైతె గూడ ఆపుతవా అమ్మా?"

"ఆకలైతె గూడ ఆపుత."