నడిమి నుంచి మొదలైన గోడ

మా బాపుకూ చిన్నాయనకూ మధ్య గోడ లేవడానికి కారణం ఒక మేక. చిన్నమ్మ పెంచుకునే ఆ మేక తాడు తెంపుకొని వచ్చి, బాపు పెండ్లిళ్లకు మాత్రమే కట్టే జరీ పంచెను దండెం మీది నుంచి లాగి సగం నమిలేసింది. మిగిలిన సగాన్ని బాపు జెండాలా పట్టుకొని వాకిట్లో నిలబడ్డాడు.

"తాడు తెంపుకోలే, కావాలని ఇడిసిపెట్టిండ్రు."

"నీ పంచెకు గంత సీను లేదన్నా" అన్నాడు చిన్నాయన.

సాయంత్రానికల్లా ఉమ్మడి వాకిలి నడుమ గోడ కట్టాలని ఇద్దరూ ఒక్క మాట మీదికి వచ్చారు. వాళ్లు దేని మీదైనా ఒక్క మాట మీదికి రావడం నాకు తెలిసి అదే మొదలు.

అప్పుడు నేను పాలమూరులో ఎమ్మెస్సీ బోటనీ చదువుతూ, సెలవులకు కొల్లాపూర్ దగ్గరి మా ఊరికి వచ్చి ఉన్నాను. సెలవులు అయిపోగానే సెమినార్. మొక్క కణాలు విడిపోవడంలో, పెరగడంలో మోటారు ప్రోటీన్ల పని గురించి మాట్లాడాలి. రోజూ కొట్టంలో బర్రె ముందు నిలబడి బిగ్గరగా అప్పజెప్పుకునేదాన్ని. నా ఉపన్యాసం ఓపిగ్గా మొత్తం విన్నది ఆ బర్రె ఒక్కటే. నడుమ ప్రశ్నలు కూడా వేయలేదు.

మేస్త్రీ వచ్చి దారం కట్టాడు. పని అక్కడే ఆగింది. వాస్తు కోసం బాపు అడిగిన పంతులు ఉత్తరం కొస నుంచి మొదలుపెట్టమన్నాడు. చిన్నాయన అడిగిన పంతులు దక్షిణం కొస నుంచి అన్నాడు. పొద్దంతా మేస్త్రీ తాపీతో వీపు గోక్కుంటూ కూర్చున్నాడు. ఆ అరుపులకు నా చదువు ఒక్క ముక్క ముందుకు సాగలేదు. ఒళ్లు మండి కొట్టంలోంచే కేకేశాను.

"మొక్కలను సూసి నేర్సుకోండ్రి! అవి ఏ కొస నుంచీ మొదలువెట్టయి. నడిమిట్ల మొదలువెట్టి రెండు దిక్కులకు కట్టుకుంట పోతయి."

అందరూ నా వైపు తిరిగారు. ఇక చెప్పక తప్పలేదు. మొక్కలో ఒక కణం రెండయ్యేటప్పుడు నడుమ గోడ లేస్తుందని, ఆ గోడకు కావలసిన సరుకు చిన్న చిన్న సంచుల్లో ఉంటుందని, కైనెసిన్లనే ప్రోటీన్లు ఆ సంచులను ఎత్తుకొని, సన్నటి దారాల మీద అడుగులో అడుగేస్తూ రెండు వైపుల నుంచీ నడిమికి మోసుకొస్తాయని చెప్పాను.

"గంత మోసేటోళ్లకు కూలెవరిస్తరే?" అంది చిన్నమ్మ.

"కణమే తిండి పెడతది చిన్నమ్మా."

మయోసిన్లనేవి ఇంకొన్ని ఉన్నాయని, వేరు మీది నూగుకు సరుకు చేరవేసి దాన్ని పొడుగు చేస్తాయని కూడా చెప్పబోయాను. "గది తర్వాత, గోడ ముచ్చట చెప్పు" అన్నాడు బాపు.

నడిమి నుంచి అయితే ఏ పంతులూ ఓడిపోడు. ఇద్దరికీ నచ్చింది. అయితే ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదు కనుక ఇటుకలు తామే మోస్తామన్నారు. చిన్నాయన ఒకటి తెస్తే బాపు ఒకటి తెస్తాడు. ఒకరు ఆగితే రెండోవారూ ఆగుతారు. "నడిమి నుంచి గోడ కట్టుడు నా బతుకుల సూడలే" అని మేస్త్రీ గొణుక్కున్నాడు. బాపు ఆయాసపడుతూ, "బిడ్డా, మీ కైనెసిన్లు చాయ్ తాగయా?" అని అడిగాడు.

సరిగ్గా ఆ నడిమిట్లోనే మా అవ్వ మంచం ఉండేది. లేవమంటే లేచింది గానీ, కొడుకులిద్దరినీ పిలిచి ఒక్క మాట అడిగింది.

"గోడ లేసినంక నా మంచం ఎటు దిక్కు ఏస్తరు?"

"నా దిక్కు" అన్నారిద్దరూ ఒకేసారి.

"అయితే ఇంకో కొడుకు ఇంటికి సుట్టం లెక్క పోవాల్నా?"

ఇద్దరూ మళ్లీ ఇటుకల దగ్గరికి నడిచారు. నేను అవ్వ వైపు చూడకుండా కొట్టంలోకి పోయాను. ఆ గోడ ఉపాయం చెప్పింది నేనే కదా.

గోడ నడుమెత్తు లేచింది. దక్షిణం కొస కలిసింది. ఉత్తరం కొసకు ఒక మంచం పట్టేంత సందు మిగిలింది. తెల్లారి చూస్తే ఆ సందులో అవ్వ మంచం, మంచం మీద నిండా దుప్పటి కప్పుకొని అవ్వ.

"అవ్వా, జర లేవే" అన్నాడు చిన్నాయన.

"నేను లెవ్వ. గిట్లనే మంచంతోని లేపుండ్రి. మీరిద్దరు సాలరు గద, నలుగురు కావాలె. పోయి ఇంకిద్దర్ని పిలుసుకరాండ్రి."

మనిషి పండుకున్న మంచాన్ని మా దిక్కు ఎవరూ లేపరు. అట్లా మోసేది శవాన్నే. నెత్తి మీద ఇటుకలతో ఇద్దరూ బిగుసుకుపోయారు. ఆమె స్నానానికి లేచినప్పుడు మంచం ఖాళీగానే ఉంది. అయినా తల్లి పండుకునే జాగాలో మొదటి ఇటుక పెట్టడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

"పెద్దోనివి, నువ్వు వెట్టు."

"గోడ కావాలన్నది నువ్వు, నువ్వే వెట్టు."

ఈలోగా మేక ఆ మంచం కింది నుంచే మా వైపు వచ్చింది. మేస్త్రీ తాపీ కడుక్కొని వేరే పనికి వెళ్లిపోయాడు.

సెమినార్ బాగానే జరిగింది. చివర్లో మా సారు, "ఈ కైనెసిన్లు పనిచేయకపోతే ఏమవుతుంది?" అని అడిగారు. "గోడ పూర్తికాదు సార్. ఒకే కణంలో రెండు కేంద్రకాలు ఉండిపోతాయి" అన్నాను.

సాయంత్రం అవ్వకు ఫోన్ చేశాను.

"ఏమడిగిండ్రు బిడ్డా?"

"నడిమి గోడ సగంల ఆగిపోతే ఏమైతదని అడిగిండ్రవ్వా."

"గిది గూడ అడుగుతరా? నాకు ఇద్దరు కొడుకులు మిగులుతరు" అంది అవ్వ.