తడి ఆరని గీత

మొన్న పొద్దున మా గ్రానైట్ ఫ్యాక్టరీ సేటు పోయారని కబురొచ్చింది. చొప్పదండిలో బస్సెక్కి కరీంనగర్‌లో వాళ్లింటికి చేరేసరికి వాకిట్లో పదిమంది కూడా లేరు. ఆయన దగ్గర ఇరవై రెండేళ్లు రాయి పాలిష్ చేశాను. మాట్లాడటం నాకు చేతకాదు, రాయడమూ అంతంతే. అయినా ఒక సంగతి చెప్పాలి.

సేటు చిన్న సుత్తెతో రాతి పలకను తట్టి, తల వంచి వినేవారు. ఖంగున మోగితే మంచిది. బొంగురుగా పలికితే లోపల పగులు. అక్కడ సుద్దముక్కతో గుండ్రంగా గీసి పక్కన పెట్టించేవారు.

"రాయి అబద్ధమాడదే అన్నా. మనమే ఆడిస్తం" అనేవారు. మూడేళ్లు పెద్దవాణ్ణని నన్ను అన్నా అని పిలిచేవారు.

మా రాయి విదేశాలకు పోయేది, కానీ దళారుల పేరు మీద. మన పేరు మీద పంపాలని ఆయన పట్టు. ఒక విదేశీ కంపెనీకి సరుకిచ్చేవాళ్ల జాబితాలో చేరడానికి మూడేళ్లు తిరిగారు. వాళ్లడిగినవన్నీ చేశారు. ఆడవాళ్లకు మరుగుదొడ్డి కట్టించారు. మాకు మాస్కులు తెచ్చారు. తాను మాత్రం తువ్వాలే చుట్టుకునేవారు.

"మీకొద్దా సేటూ?"

"నాకు ఊపిరాడదే. మీరు పెట్టుకోండ్రి."

చివరికి కంపెనీ మనిషి పలకలు చూడటానికి వస్తున్నాడన్నారు. సేటు ముందురోజే అన్నీ తట్టి గీతలు పెట్టారు. గీత లేనివి వేరు చేయమని నాకు చెప్పి, అతన్ని తీసుకురావడానికి హైదరాబాద్ పోయారు. నేనేం చేశాను? ఇంటికి చుట్టమొస్తే వాకిలి కడిగినట్టు, ముందు పలకలన్నీ పైపు పెట్టి కడిగాను. సుద్దగీతలు కొట్టుకుపోయాక గానీ బుర్రకెక్కలేదు. వేటి మీద గీతలుండేవో గుర్తొచ్చినంతవరకు పక్కకు తీశాను. ఫోన్ చేసి చెప్పాలి. భయమేసింది, చెప్పలేదు.

కంపెనీ మనిషి ఒక పలక మీద నీళ్లు చల్లి, ఆరేదాకా నిలబడ్డాడు. అంతా ఆరింది. ఒకచోట పగుల్లో తడి నిలిచి వెంట్రుకంత గీత నల్లగా మిగిలింది.

"ఇది మీరు చెక్ చేయలేదా?"

సేటు నా దిక్కు చూశారు. పైపు ఇంకా నా కాళ్ల దగ్గరే ఉంది.

"నా చెవి తప్పిందండీ" అన్నారాయన.

జాబితాలో మా పేరు ఎక్కలేదు. సాయంత్రం తప్పు నాదని ఏడ్చాను.

"చుట్టమొస్తుండంటే ఎవలైనా కడుగుతరు. పో, జర చాయ్ తాగిరా."

తరవాత తమను దాటి పోబోయాడని దళారులూ రావడం మానేశారు. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. ఆయన దగ్గు ఆగలేదు. రాతి దుమ్మన్నాడు డాక్టరు. పోయిన నెల దవాఖానకు వెళ్తే, వేలితో తన రొమ్ము తట్టి చూపించారు.

"బొంగురు పలుకుతున్నది అన్నా. సుద్దముక్క తేలేదా?"

ఆనాటి ఆ పగుళ్ల పలకను ఆయన అమ్మలేదు, తన ఇంటి వాకిట్లో పరిపించుకున్నారు. మొన్న ఆయనకు చివరి స్నానం దాని మీదే చేయించారు. నేనూ ఒక చెంబు పోశాను. అవతల పాడె కడుతుండగా ఎండకు రాయి ఆరింది. ఆ వెంట్రుకంత గీత మాత్రం ఇంకా తడిగా, నల్లగా ఉంది.