నలభై ఒక్క గడుల గంగులప్ప

మా గంగులప్ప మామకు ఖాళీ గడి కనిపిస్తే అన్నం సయించదు. గడి అంటే మరేం కాదు, ఫారంలో పేరు, ఊరు, ఫోన్ నంబరు రాసే డబ్బా. అది ఖాళీగా ఉందంటే ఆ మనిషిని మామ వదలడు. ఇంటికి వస్తాడు, ఆఫీసుకు వస్తాడు, ఆసుపత్రిలో పడుంటే మంచం దగ్గరికి కూడా వస్తాడు. ఇంతవరకు తప్పించుకున్నవాడు ఒక్కడూ లేడు.

మాది మూడూళ్ల పాత స్కూటర్ల సంఘం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, వాటి చుట్టుపక్కల పల్లెలు కలిపి నూట నలభై మూడు మంది సభ్యులం. నేను మదనపల్లెలో లెక్కల టీచర్ని, మా నాయన స్కూటరు నడుపుతాను, సంఘానికి కార్యదర్శిని. గంగులప్ప మామ టమోటా మార్కెట్లో ముప్పై ఏండ్లు చీటీలు రాసి రిటైరైనాడు. చీటీలో ఒక్క గడి ఖాళీగా ఉన్నా లారీని గేటు దాటనిచ్చేవాడు కాదంట. అట్లాంటి మనిషిని పిలిచి, సభ్యుల వివరాలుండే సాఫ్ట్‌వేర్ చేతిలో పెట్టినాం. తప్పంతా మాదే.

ఆ సాఫ్ట్‌వేర్ ఏదో చలిదేశంలో కార్ల క్లబ్బుల కోసం తయారు చేసింది. ఒక్కో సభ్యుడికి నలభై ఒక్క గడులు. వాటిలో నక్షత్రం గుర్తు ఉన్న తొమ్మిదే తప్పనిసరి. మిగతావి నింపినా ఒకటే, నింపకపోయినా ఒకటే. ఆ మాట మెల్లగా చెప్పబోతే మామ నన్ను కొట్టేట్టు చూసినాడు.

"నక్షత్రం లేకపోతే అది గడి కాదా ఉషమ్మా? దాన్ని అనాథను చేసేస్తావా?"

ముప్పై మూడో గడిలో ఒక ప్రశ్న ఉంది. మంచు కురిసే నెలల్లో బండిని ఎక్కడ పెడతారు? చలిదేశం వాళ్లకు అది అవసరం కావచ్చు. మామ మాత్రం దాన్ని నూట నలభై మూడు మందినీ అడిగినాడు. నిమ్మనపల్లెలో బయ్యమ్మ అని డెబ్బై దాటిన సభ్యురాలు ఉంది, మొగుడి మోపెడ్ ఆమెకు ప్రాణం. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం చెమటలు కార్చుకుంటా పోయి ఆమె ముందు కూర్చున్నాడు.

"మంచా? ఈడ వానకే దిక్కులేదు. మంచు యాడినుంచి వస్తాదప్పా?"

"ఒకవేళ వస్తే అంటాండా."

"వస్తే బండి మాట తర్వాత. ముందు నేను యాడికి పోవాలో చెప్పు!"

మామ శానాసేపు ఆలోచించి, గడిలో 'వచ్చినప్పుడు చూసుకుంటారు' అని రాసుకుని, హాయిగా మజ్జిగ తాగి వచ్చినాడు.

పుంగనూరు యువరాజ్ కథ ఇంకా ఘోరం. అతని ఫారంలో భార్య పేరు గడి రెండేండ్లు ఖాళీగా ఉంది. మామ ఫోన్ల మీద ఫోన్లు. "పిల్ల దొరికిందా? యాల ఆలస్యం చేస్తాండావు?" కన్నతల్లి కూడా అంతగా తొందరపెట్టలేదు. చివరికి పెళ్లి కుదిరింది. ముహూర్తానికి మామ అందరికంటే ముందొచ్చి మంటపం పక్కనే కూర్చున్నాడు. తాళి కట్టడం అయిందో లేదో ట్యాబ్ పట్టుకుని పైకెక్కినాడు. అక్షింతలు వేయడానికే అనుకున్నాం.

"సుష్మ కదమ్మా నీ పేరు? పొట్టి అక్షరంతోనా, పొడుగు అక్షరంతోనా? అట్లనే రక్తం గ్రూపు కూడా చెప్పేయి, పని అయిపోతాది."

పెళ్లికూతురు బిత్తరపోయి యువరాజ్‌ను చూసింది. అతను తల వంచుకుని, "చెప్పేయి సుష్మా, లేకుంటే ఇంటికొస్తాడు" అన్నాడు. ఆ పిల్ల కొత్త కాపురంలో మొగుడి మాట విన్నది అదే మొదటిసారి, అదే చివరిసారి అని యువరాజ్ ఇప్పటికీ చెప్తాడు.

మా అధ్యక్షుడు రాజేంద్ర గారికి కుప్పంలో బట్టల దుకాణం. ఆయనకు మామ మీద మంట మొదలైంది పలమనేరు దారిలో. స్కూటరు ఆగిపోయి, మండే ఎండలో నిలబడి, దగ్గర్లో మెకానిక్ ఎవరుండాడో చెప్పమని మామకు ఫోన్ చేసినాడు.

"చెప్తా సారూ. దానికి ముందు, మీ ఎనక టైరు సైజు గడి ఖాళీగా ఉండాది. ఎట్లాగూ బండి పక్కనే ఉండారు, కొంచెం వంగి చూసి చెప్పండి."

"గంగులప్పా, నేను ఈడ మాడిపోతాండా!"

"వంగితే నీడ తగులుతాది సారూ."

రాజేంద్ర గారు వంగినాడు, చదివినాడు, నంబరు తీసుకున్నాడు. ఆ తర్వాతి మీటింగులోనే తీర్మానం తెచ్చినాడు. ఇంక ఎవరి వివరాలు వాళ్లే ఫోన్లో నింపుకోవాలి, గంగులప్పకు విశ్రాంతి ఇవ్వాలి, ఓటింగు వచ్చే ఆదివారం కుప్పంలో. నిజం చెప్పొద్దూ, నాకూ 'హమ్మయ్య' అనే అనిపించింది. నా ఇంజిన్ నంబరు కోసం ఈ మనిషి నేను పాఠం చెప్తుంటే తరగతి కిటికీలోంచి తొంగి చూసినవాడు మరి.

రెండు రోజులకు మామ పాస్‌వర్డు కాగితం తెచ్చి నాకు ఇచ్చినాడు. ఎప్పుడూ కూర్చోకముందే ప్రశ్న మొదలుపెట్టే మనిషి, ఆ రోజు కాఫీ ఇచ్చినా తాగలేదు.

"సంఘం మాటే మాటమ్మా. కాకపోతే ఇంకా ఏడు గడులు ఖాళీగా ఉండాయి. కొన్నాళ్లు ఆగింటే బాగుండు."

"ఎన్నాళ్ల నుంచి ఖాళీగా ఉన్నాయి మామా?"

"మూడేండ్ల నుంచి."

మామ చేతిలో ఒక గడి మూడేండ్లు ఖాళీగా ఉండడమా! ఎక్కడో తేడా ఉంది అనుకుని సాఫ్ట్‌వేర్ తెరిచినాను. ఎవరు ఎప్పుడు ఏం మార్చినారో చూపించే పేజీ ఒకటి ఉంటుంది అందులో. సోమల గోవిందప్ప, వయసు డెబ్బై ఆరు. శనివారం రక్తం గ్రూపు చెరిపినది గంగులప్ప. ఆదివారం రక్తం గ్రూపు నింపినది గంగులప్ప. నెల తిరిగేసరికి మళ్లీ చెరిపినది గంగులప్ప, నింపినది గంగులప్ప. ఇట్లా ముప్పై ఎనిమిది సార్లు. మిగతా ఆరుగురిదీ ఇదే వరస, బయ్యమ్మతో సహా అందరూ డెబ్బై దాటినవాళ్లే. పైగా గోవిందప్ప రక్తం ఒకసారి ఏ, ఒకసారి బి, ఇంకోసారి ఏబీ, మరోసారి ఓ నెగెటివ్. మామకు మతి పోయిందేమోనని నాకు భయం పట్టుకుంది. మరుసటి రోజు సెలవు పెట్టి సోమలకు పోయినాను.

గోవిందప్ప గారు రోడ్డు పనులు చేసి, ఆ కష్టంతో కొనుక్కున్న స్కూటరు వరండాలో తళతళలాడుతోంది. ఆయనకేమో చూపు మసకేసి మూడేండ్లు. కూతురు అమరావతి పుంగనూరులో ఉద్యోగానికి పోతే మళ్లీ సాయంత్రమే రావడం. ఆదివారాలు కూడా ఆమెకు డ్యూటీనే.

"బండి ఎవరు తుడుస్తారప్పా?" అని అడిగినాను.

"ఇంకెవరు, గంగులప్ప. గడి ఖాళీ అయిందని వస్తాడు. వచ్చినోడు ఊరికే పోతాడా? బండి తుడిచి, స్టార్ట్ చేసి, నన్ను ఎనక కూర్చోబెట్టుకుని బస్టాండు దాకా తిప్పుతాడు. ఆడ టీ తాగుతాం, గేరు యాల మార్చినావని నేను తిడతా, నోరు మూసుకోమని ఆయప్ప తిడతాడు. శానా బాగుంటాదమ్మా. పోయేటప్పుడు రక్తం గ్రూపు అడుగుతాడు."

"మీరేం చెప్తారు?"

గోవిందప్ప గారు అటూ ఇటూ చెవి పెట్టి, ఎవరూ లేరని నమ్మకం కుదిరినాక గొంతు తగ్గించినాడు. "ఒక్కోసారి ఒక్కోటి చెప్తా. సరైంది చెప్పేస్తే గడి నిండిపోతాది కదా. మళ్లా రాడు."

"అసలు మీది ఏ గ్రూపో తెలుసా?"

"తెలీకేం? ఓ పాజిటివ్. ఏయ్, నువ్వు రాసుకోవద్దు తల్లీ!" అని నా చేతులు పట్టుకున్నాడు. "ఇంక ఫోన్లోనే నింపుకోవాలంటనే? అప్పుడు నా రక్తం సంగతి ఎవరికి కావాల?"

ఈయన తప్పు చెప్పి పంపుతున్నాడు, ఆయన ఎట్లాగూ చెరిపేసుకుని వస్తున్నాడు. ఒకరి దొంగతనం ఇంకొకరికి తెలీదని ఇద్దరి నమ్మకం. నాకు పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వొచ్చింది. మూడేండ్లుగా మామను చూసి విసుక్కున్నందుకు సిగ్గూ వేసింది. గోవిందప్ప గారికి మామ గుట్టు చెప్పలేదు. చెప్పకూడదు కూడా.

ఆదివారం కుప్పంలో మీటింగు. మామ చివరి వరసలో, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. రాజేంద్ర గారు తీర్మానం చదివి, చేతులెత్తమన్నాడు. నేను లేచినాను.

"ఒక్క చిక్కుంది సార్. సోమల గోవిందప్ప గారికి మన రికార్డులో నాలుగు రక్తం గ్రూపులున్నాయి."

వెనక మామ గొంతులో ఏదో అడ్డం పడినట్టు దగ్గినాడు.

"నాలుగా? మనిషికి నాలుగు ఉంటాయా?" అన్నాడు రాజేంద్ర గారు.

"మన సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి సార్. అట్లా వివరాలు తేలనివాళ్లు ఇంకా ఆరుగురున్నారు, అందరూ పెద్దవాళ్లే. రేపు ఎవరికైనా ఏదైనా అయితే సంఘం ఏం సమాధానం చెప్తుంది?"

రాజేంద్ర గారి ముఖం పాలిపోయింది. "ఫోన్లో నింపుకోమంటే?"

"ఐదో గ్రూపు వస్తాది సారూ" అన్నాడు యువరాజ్.

"అయితే ల్యాబుకు తీసుకుపోండి!"

"సూదంటే ఆయనకు భయమంట సార్. ఎవరో ఒకరు పోయి, కూర్చుని, నిదానంగా మాట్లాడాల" అన్నాను. ఆ అబద్ధానికి నా పిల్లల ముందు గోడకుర్చీ వేసినా తప్పులేదు.

రాజేంద్ర గారు నుదురు రుద్దుకుని, తీర్మానం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరే. ఆ ఏడుగురి సంగతి తేలేదాకా సాఫ్ట్‌వేర్ గంగులప్ప దగ్గరే ఉంటాది. ఎన్నాళ్లు పడతాదప్పా నీకు?"

మామ లేచి నిలబడినాడు. నా వైపు ఒక్కసారి చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. చెవులు ఎర్రగా అయినాయి. మార్కెట్లో లారీ లోడు చెప్పినంత గంభీరంగా అన్నాడు:

"గోవిందప్పకు ఇప్పుడు డెబ్బై ఆరు సారూ. ఇంకో ఇరవై ఐదేండ్లు ఏసుకోండి."