పట్టుదారం కుట్టు

రంగూన్‌లో, లత పేటలోని ఒక బియ్యం కొట్టులో గవరయ్య బస్తాల మూతులు కుడతాడు. అతని కుట్టులోంచి గింజ రాలదు. కొట్టులో ఎలుకల్ని పట్టే కొండచిలువను పిల్లప్పటి నుంచీ అతనే పెంచాడు. రేకు అంచు కోసుకుని దాని చర్మం చీలితే పట్టుదారంతో బిగించి కుట్టి, రోజూ పొడిగుడ్డ మార్చాడు. గాయం దాదాపు మానింది. కానీ కుబుసం విడిచేటప్పుడు పాత చర్మం ఆ దారానికి పట్టుకుపోయింది. పాము గుంజుకుంది, గాయం మరింత చీలింది. మూడోనాటికి చచ్చిపోయింది.

భార్య చిన్నమ్మి దాన్ని కొత్త సంచిలో పడుకోబెట్టి, "ఏటి మావా అలా సూస్తన్నావు? మూతి కుట్టీ," అంది.

"నా కుట్టే దాన్ని సంపిందే. తాడు తే."

ముడి వదులుగానే వేసి, సంచిని రెండు చేతుల మీదా ఎత్తుకున్నాడు.