మైలుతుత్తంలో నీళ్లు

కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ఆవిణ్ణి అందరూ తూకాలక్క అంటారు. ఇరవై రెండేళ్లుగా అటెండరు. పిల్లలు వచ్చేసరికి ద్రావణాలు కలిపి, సీసాల మీద పేర్లు రాసి, త్రాసు తుడిచి పెట్టాలి. పేర్లు రాయడమంటే ఆషామాషీ కాదండోయ్! ఫెర్రస్ ఏదో ఫెర్రిక్ ఏదో తేలక డిగ్రీ పిల్లలు తలలు బాదుకుంటుంటే, ఈవిడ గుమ్మంలోంచే రంగు చూసి చెప్పేసేది.

ఆవిడకున్నది ఒకటే కోరిక, ల్యాబ్ అసిస్టెంటు కావాలని. దానికి డిగ్రీ మొదటి ఏడాది కెమిస్ట్రీ పేపరు పాసవ్వాలి, వయసు నలభై అయిదు దాటకూడదు. ఆవిడకి సరిగ్గా నలభై అయిదు. ఇది తప్పితే మరి లేదు. కూతురి పుస్తకాలు ముందేసుకుని సమీకరణాలు తుల్యం చెయ్యడం నేర్చుకుంది.

"అమ్మా, ఆక్సిజన్ రెండువైపులా సరిపోయిందా?" అని కూతురు అడిగితే, "కూరలో ఉప్పు చూసినట్టు నాలుగుసార్లు చూశానే" అనేది. మొగుడు మాత్రం ఈ వయసులో నీకెందుకే ఈ చదువులని సణిగేవాడు. ఆయన మాట ఎవరు విన్నారు గనక!

పరీక్షలో ఎనిమిది మార్కుల లెక్క ఒకటి వచ్చింది. 24.95 గ్రాముల నీలం కాపర్ సల్ఫేట్ స్ఫటికాలను నీళ్లలో కరిగించి, చాలినంత ఇనుపరజను వేస్తే ఎంత రాగి వస్తుంది? ఆవిడకి నవ్వొచ్చింది. కాపర్ సల్ఫేటంటే మన మైలుతుత్తమే. నీలంగా ఉందంటే పలుకులో నీళ్లున్నట్టే. వేడిచేసి ఆ నీళ్లు పోగొడితే తెల్లటి పొడి మిగులుతుంది. ఎన్నిసార్లు కాల్చి చూడలేదు! అందుకని నీళ్ల బరువూ కలిపి మోల్‌కి 249.5 వేసింది. సరిగ్గా మోల్‌లో పదో వంతు. రాగి 6.35 గ్రాములు అని రాసి, గీత గీసి వచ్చింది.

ముప్ఫై అయిదు రావాలి, ముప్ఫై ఒకటి వచ్చాయి. ఆ లెక్కకి గుండుసున్నా!

పేపరు దిద్దిన లెక్చరరు ఒకప్పుడు ఈ ల్యాబులోనే చదివినవాడు. త్రాసు పట్టడం నేర్పింది ఈవిడే. ఆవిడ వెళ్లి అడిగితే ఆయన తన జవాబుల కీ తీసి చూపించాడు. మోల్‌కి 159.5 వేసి, రాగి 9.93 గ్రాములని ఉంది.

"సారూ, అది తెల్లపొడి లెక్క. ప్రశ్నలో నీలం స్ఫటికాలని మీరే రాశారు కదా."

ఆయన మొహం పాలిపోయింది. "నిజమే అక్కా. కానీ రెండొందలమందికి ఈ కీతోనే మార్కులు పడ్డాయి. ఇప్పుడు అన్నీ తిరగదోడితే నా పరువేం కావాలి?"

"నీ పరువు సరే. నా ఉద్యోగమో?" కోపంలో మీరు అనడం మర్చిపోయింది.

"వచ్చే ఏడాది రాయక్కా."

"వచ్చే ఏడాదికి నాకు నలభై ఆరు."

ఆయన కాగితాలు సర్దుకుంటూ కూర్చున్నాడు. తప్పు తనదని తెలిసీ మార్కులు దిద్దని మనిషిని ఏమనాలి? ఛీ, ఏమని ఏం లాభం!

నెల తిరక్కుండా కొత్త అసిస్టెంటు వచ్చింది. పాతికేళ్ల పిల్ల, మంచిదే పాపం. లెక్చరరు రాబోయే బ్యాచికి అదే లెక్క ఉంచి, కీలో మాత్రం 6.35 అని దిద్దుకున్నాడు. పైగా ఆ కాగితం తెచ్చి, "కొత్తమ్మాయికి ఇది కాస్త వివరంగా చెప్పక్కా" అని బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆ పిల్లకి ఒక పట్టాన ఎక్కలేదు. తూకాలక్క పరీక్షనాళికలో నాలుగు నీలం పలుకులు వేసి మంట మీద పెట్టింది. నాళిక లోపలి గోడలకి నీటి చెమ్మ పట్టింది, నీలం పోయి తెల్లబడింది. నీళ్ల బరువెందుకు కలపాలో మూడుసార్లు విడమరిచి చెప్పింది.

"ఇప్పుడర్థమైందక్కా!" అంది ఆ పిల్ల సంబరంగా. "ఇంత తెలిసినవాళ్లు, మీరెందుకు ఈ పరీక్ష రాయలేదు?"

"రాశానమ్మా," అంది తూకాలక్క, మంట ఆర్పుతూ. "ఈ లెక్కలోనే తప్పాను."