ఆరో నంబరు కెమెరా

ఆ రోజుల్లో మా బీదర్‌లో నా ఈడు వాళ్లలో కొందరికి క్రికెట్ పిచ్చి, కొందరికి కోట ముందు నిలబడి ఫొటోలు దిగే పిచ్చి ఉండేది. నాకు రైలు పిచ్చి. అదీ అసలు రైలు కాదు, కంప్యూటర్‌లో నడిచేది. డిగ్రీ రెండో సంవత్సరంలో నాన్న కొనిచ్చిన పాత కంప్యూటర్‌లో ఒక స్నేహితుడు ఆ ఆట ఎక్కించి పోయాడు, దాంతో నా చదువు కాస్తా మధ్య స్టేషన్‌లో దిగిపోయింది. కీబోర్డు మీద ఒకటి నొక్కితే డ్రైవర్ సీటు నుంచి పట్టాలు కనిపిస్తాయి. రెండు నొక్కితే బయటి నుంచి ఇంజిను, నాలుగు నొక్కితే పట్టాల పక్కన నిలబడ్డ మన ముందు నుంచి బండి మొత్తం దడదడలాడుతూ పోవడం, ఐదు నొక్కితే కిటికీ పక్క సీటు. నాకు నాలుగో నంబరు కెమెరా అంటే ప్రాణం. వంపు తిరుగుతున్న నా బండిని నేనే పక్కన నిలబడి చూసుకుని మురిసిపోయేవాణ్ణి. (డ్రైవర్ సీటంటే విసుగు. అక్కడ కూర్చుంటే నా బండి అందం నాకే కనిపించదు కదా!)

నాన్న చర్చి బడిలో లెక్కల మాస్టారు. కోపం వస్తే తిట్టేవాడు కాదు, సాయంత్రం కుటుంబ ప్రార్థనలో దేవుడికి ఫిర్యాదు చేసేవాడు. "ప్రభువా, రైలు బొమ్మల బంధకములలో చిక్కుకొనిన ఈ బిడ్డను విడిపించుము" అని ఆయన వేడుకుంటుంటే అమ్మ కళ్లు మూసుకునే నవ్వు ఆపుకునేది. నాకు రెండు సబ్జెక్టులు పోయిన రోజు మాత్రం ఆయన దేవుణ్ణి మధ్యలోకి లాగలేదు. "ఈ డబ్బను చిమ్కోడ్‌ల మీ చిన్నమ్మ ఇంటికి పంపుత. ఆమె బిడ్డ కంప్యూటరే సదువుతుంది, ఆ పిల్లకైన పనికొస్తది" అన్నాడు. వెంటనే నోటికొచ్చిన అబద్ధం ఆడేశాను.

"అది ఆట కాదు నాయినా. రైల్వే డ్రైవర్ పరీక్షకు ప్రాక్టీస్ చేస్తున్న."

నాన్న నన్ను ఎగాదిగా చూశాడు. "గట్లనా? అయితే ఆదివారం మీ మామను పిలుస్త. ఆయన ఏం ఫైసలా జేస్తే గదే."

మామ అంటే అమ్మకు అన్న. ముప్పై ఏళ్లు గూడ్సు బండ్ల మీద గార్డుగా చేసి రిటైరయ్యాడు. బండి చివరి డబ్బాలో కూర్చుని పచ్చజెండా ఊపిన మనిషి కాబట్టి పిల్లలందరికీ ఆయన జెండా మామ. ఉద్యోగం పోయినా పద్ధతి పోలేదు. ఇంటిల్లిపాదీ ఎక్కడికి బయల్దేరినా గడప చివరగా దాటేది ఆయనే. అటూ ఇటూ చూసి ఆయన "రైట్" అంటే గానీ ఆటో కదలకూడదు. అలాంటి మనిషి తీర్పు చెప్పడానికి వస్తున్నాడంటే నాకు మూడు రోజులు అన్నం సహించలేదు.

ఆదివారం ఆరాధన అయింది, బగారన్నం తినడమూ అయింది. మామ నా వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చంకలో చుట్టిన పచ్చజెండా. నాన్న గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను బండి తీసి, అలవాటు కొద్దీ నాలుగు నొక్కాను. బండి అద్భుతంగా పోతోంది. గర్వంగా వెనక్కి తిరిగాను.

"నువ్వు యాడున్నవ్‌ర అల్లుడా?" అన్నాడు మామ.

"గీడ, పట్టాల పక్కకు నిలబడ్డ మామా."

"మరి బండి ఎవలు నడుపుతుండ్రు?"

"నేనే."

"గీడ నిలబడా? నడువ్, జల్ది లోపటికి నడువ్!"

నాన్న అర్థవంతంగా దగ్గాడు. నేను ఒకటి నొక్కి, మళ్లీ స్టేషన్ నుంచి మొదలుపెట్టాను. మామ ఊరుకోలేదు. "గార్డు జెండ చూపియ్యక ముందే బండెట్ల తీస్తవ్?" అని లేచి నిలబడి జెండా ఊపాడు. బండి కదిలింది. "ఇప్పుడు ఎనక్కి చూడాలె. నేను జెండ చూపిస్త, నువ్వు చెయ్యి ఊపాలె. గదే పద్ధతి." నేను వెనక్కి తిరిగి చెయ్యి ఊపాను. ఆయన గంభీరంగా జెండా ఊపాడు. పెద్దమనిషి కదా అని నేను ఇంకోసారి ఊపాను. మా మర్యాదలన్నీ పూర్తయి ముందుకు తిరిగేసరికి బండి ఎర్ర సిగ్నల్ దాటిపోయి, ఆగి ఉన్న ఇంకో బండిని గుద్దేసి ఉంది.

"ఇగ చిమ్కోడే" అని నాన్న వైరు పీకడానికి వంగాడు. నాకు ఏడుపొచ్చింది. "పరీక్ష లేదు, ఏం లేదు నాయినా. అబద్ధం చెప్పిన. బండిని చూసుడంటేనే నాకు ఇష్టం" అనేశాను.

"జర ఆగు బావా" అన్నాడు మామ నాన్నతో. తర్వాత నా వైపు తిరిగి, కొంచెం మొహమాటంగా, "అల్లుడా, ఇండ్ల గార్డు డబ్బ లేదా?" అని అడిగాడు.

నాకు తెలియదు. ఆరో నంబరు నేనెప్పుడూ నొక్కలేదు. బండి తీసి నొక్కాను. బండి చిట్టచివరికి వెళ్లిపోయాం. కాళ్ల కింద నుంచి పట్టాలు వెనక్కి జారిపోతున్నాయి, స్టేషన్ చిన్నదవుతోంది. మామ కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"ముప్పై ఏండ్లు గిట్లనే చూసిన" అన్నాడు. "ముందట ఏమొస్తదో డ్రైవర్‌కెరుక. పోయింది మంచిగ పోయిందా లేదా, గది నాకెరుక."

నాన్న ఇంకా వైరు దగ్గరే ఉన్నాడు. "ఫైసలా ఏంది బావా? పనికొస్తదా?"

మామ తెర మీద నుంచి చూపు తిప్పలేదు. "వీనికి పనికిరాదు. వీడు డ్రైవర్ కాడు. నాకు పనికొస్తది. ఈడనే ఉండనియ్."

అలా కంప్యూటర్ నిలిచింది. రోజూ సాయంత్రం ఆరింటికి మామ హాజరు. ఒకటి నొక్కి సిగ్నల్ చూసుకోవడం, ఆరు నొక్కి మామకు అప్పగించడం, ఇదీ నా డ్యూటీ. అయితే బండి తీయడానికి ముందు గంట సేపు పుస్తకం తీయాలని షరతు పెట్టి, తన పాత అలవాటు ప్రకారం డైరీలో రాసేవాడు: 'పుస్తకము ఇరువది నిమిషములు ఆలస్యముగా బయలుదేరినది. కారణము: డ్రైవరు ఛాయ్ త్రాగుచుండెను.' ఆ డైరీ నాన్న చేతికి పోతుందన్న భయంతోనే పోయిన రెండు సబ్జెక్టులూ పాసయ్యాను. (ఘనత తన ప్రార్థనలదేనని నాన్న దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకున్నాడు.)

ఇప్పుడు నేనొక బడిలో కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను. మామకు ఎనభై దగ్గర పడ్డాయి. మొన్న ఇద్దరం చుట్టాల పెళ్లికి హైదరాబాద్ బయల్దేరాం, ఆయన పట్టుబట్టడంతో చివరి డబ్బాలోనే ఎక్కాం. బీదర్ దాటాక ఒక వంపులో ముందున్న డబ్బాలన్నీ ఒక్కసారి కనిపించేసరికి నా మనసు ఆగలేదు. ఫోను తీసి తలుపు దగ్గరికి పోయి, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని వీడియో తీస్తూ నిలబడ్డాను.

వెనక నుంచి ఎవరో చొక్కా పట్టి లాగారు.

"మల్ల బయటికే పోయినవా అల్లుడా?" అన్నాడు మామ. "గింత పెద్దగైనవ్. ఇగ జర లోపటికి వచ్చి కూసోరాదు."

నెరిసిన జుట్టు సర్దుకుని, ఫోను జేబులో పెట్టుకుని, వచ్చి ఆయన పక్కన కూర్చున్నాను.