నేను తెరిచిన పేజీలో నాకే చోటు లేదు

స్కూల్ ప్రాజెక్టు కోసం జంపఖానాల నేత మీద ఇన్‌స్టాలో పేజీ తెరిచి మా అమ్మాయి చేతిలో పెట్టింది నేనే. మగ్గం దగ్గర మా అమ్మను వీడియోలు తీసింది నేనే. పరకాల చుట్టాలతో సహా అందరినీ బతిమాలి ఫాలో చేయించిందీ నేనే. ఈ రోజు చూద్దును కదా, నన్నే బ్లాక్ చేసింది!

"ఏంది బిడ్డా ఇది?" అని అడిగాను.

"ప్రతి వీడియో కింద 'తిన్నవా బిడ్డా' అని కామెంట్ పెడ్తానవ్ బాపూ. క్లాసోళ్లంత నవ్వుతాండ్రు."

న్యాయం కోసం అమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె మగ్గం ఆపకుండానే అంది: "మంచిగ చేసింది. వీడియోల నేసేది నేను. తిన్నవా అని ఒక్కసారన్న నన్ను అడిగినవా కొడుకా?"

నా వైపు ఉన్నవాళ్లు కింద కామెంట్ పెట్టండి. తిన్నారో లేదో కూడా చెప్పండి.